వంతుకు గడి లేదు

సుద్దకుంటలో పిచ్చయ్య, మల్లయ్య అనే అన్నదమ్ములకు రెండు చేలుండేవి. ఒకటి బావిచేను. ఊరికి కిందుగా, కుంట కట్టను ఆనుకుని ఉంటుంది. ఊరంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనక పరిగెత్తిన కరువులో కూడా ఆ బావి మోటరును ఎండనివ్వలేదు. రెండోది గట్టుచేను. అడుగంతా గులకరాయి, సుద్ద. వాన పడితే కంది, ఆముదం. పడకపోతే మేకలు కూడా మొహం తిప్పుకుని పోతాయి.

తండ్రి పోయినప్పుడు ఇంటి మధ్యలో గోడ కట్టుకున్నారు గానీ చేల మధ్య గీత గీసుకోలేదు. ఎట్లా గీసుకుంటారు? బావిచేనును చెరిసగం చేస్తే బావి ఒకడి వైపే పడుతుంది. చెరొక చేను తీసుకుంటే ఒకడు తింటాడు, ఇంకొకడు చూస్తూ కూర్చుంటాడు. అందుకని వంతు పెట్టుకున్నారు. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా బావిచేను అన్నది, గట్టుచేను తమ్ముడిది. పండగ రాగానే మారకం. దిగిపోయేవాడు పొద్దున్నే మోటరు వేసి, కాలవలోకి నీళ్లు వదిలి, వచ్చేవాడి చేతికి పార ఇచ్చి గట్టెక్కాలి. అదే దస్తావేజు, అదే రిజిస్ట్రేషను. కోర్టు మెట్లు ఎక్కకుండా ఇద్దరు రైతులు ఇన్నేళ్లు ఒక బావిని పంచుకున్నారంటే, దేశంలో ఏ చట్టం చేయలేని పనిని ఆ పార చేసిందన్నమాట.

మల్లయ్యకు ఒక్కతే కూతురు. నాయనమ్మ పేరు పెట్టారు, రామతులసి అని. గిద్దలూరులో డిగ్రీ చదివి, ఇంట్లో కూర్చుని, అమ్మ రాఘవమ్మ తెచ్చే సంబంధాలన్నిటికీ వంకలు పెడుతున్న రోజుల్లో పేపర్లో ఒక ప్రకటన చూసింది. భూమి పటాలను కంప్యూటర్లో గీసే చదువు. జీఐఎస్ అంటారు. ఇంటి దగ్గరే ఉండి చదవొచ్చు, ఆదివారం మాత్రం మార్కాపురం స్టడీ సెంటరుకు పోవాలి. రాఘవమ్మ ఒప్పుకోలేదు. మల్లయ్య ఎటూ చెప్పలేదు. గోడ అవతల నుంచి పెదనాయన పిచ్చయ్య వచ్చి, పటాలు చదివేవాళ్లు మన ఇంట్లో ఒకరుండాలని పట్టుబట్టాడు. కరణం చూపించిన చోటల్లా వేలిముద్ర వేసిన తాత ముత్తాతల సంగతి ఎత్తాడు. పిల్ల చదువుకు అడ్డం పడితే గోడ ఇంకో మూర పెంచుతానన్నాడు. రాఘవమ్మ ఆ మాటకు నవ్వక తప్పలేదు.

జిల్లాలను మళ్లీ కోసి గీసిన సంవత్సరం అది. అద్దంకి ఒక పక్కకు, కందుకూరు ఒక పక్కకు పోయాయి. ప్రకాశం జిల్లా చిక్కిపోయింది. కొమరోలు నుంచి ఒంగోలుకు ఉన్న దూరం మాత్రం ఒక్క గజం కూడా తగ్గలేదు. గీతలు గీసేవాళ్లకు బస్సెక్కే అవసరం ఉండదు. తులసికి ఉంది. ఆదివారం కోడికూతకు లేచి, పెదనాయన బండి మీద కొమరోలు పోయి, గిద్దలూరు బస్సెక్కి, అక్కడ మార్కాపురం బస్సు పట్టుకుని, కంభం దగ్గర కిటికీలోంచి చెరువును చూసుకుంటూ క్లాసుకు పోయేది.

క్లాసంటే ఏదో అనుకునేరు. ఆదివారం సెలవున్న ఒక కాలేజీలో అద్దెకు తీసుకున్న రెండు గదులు. వరసగా కంప్యూటర్లుండేవి, వాటిలో సగం వెలిగేవి. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. అన్నీ ఇంగ్లీషులో, ఏ ఊరి ఉదాహరణ చూసినా సముద్రం అవతలిదే. వీడియో పాఠాలు వినాలంటే ఫోనుకు సిగ్నలు కావాలి. సుద్దకుంటలో సిగ్నలు కుంట కట్ట మీదే దొరుకుతుంది. సాయంత్రం పూట తులసి కట్టెక్కి చెవిలో వైరు పెట్టుకుని కూర్చుంటే, గేదెలు తోలుకొచ్చే ఆడవాళ్లు ఆకాశంలోంచి చదువు దిగుతాందా అమ్మా అని అడిగేవాళ్లు. దిగుతాంది అక్కా, మధ్యమధ్యలో ఆగుతాంది అనేది. దూరం నుంచి చదువు చెప్పేవాళ్లు జీతం మాత్రం దగ్గర నుంచే తీసుకుంటారు. అయినా ఆ పిల్ల నేర్చుకుంది. ఉపగ్రహం తీసిన ఫొటోలో తమ కుంట అరచేతంత నల్లమచ్చగా కనబడిన రోజు, పెదనాయనను పిలిచి చూపించింది. పిచ్చయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇంత పైనుంచి చూసేవాడికి మన బావి ఎట్ల కనపడతాదమ్మా అని మాత్రం అడిగాడు.

స్టడీ సెంటరులో పాఠం చెప్పే కాశీవిశ్వనాథం సారు మార్కాపురం వాడే. అన్నలు బట్టల దుకాణం నడుపుతుంటే ఆయన ఒక్కడే చదువు పట్టుకుని వేలాడాడు. మంచివాడు. పిల్లలకు తన డబ్బుతో టీ తెప్పించేవాడు, కరెంటు పోతే బోర్డు మీద బొమ్మలు గీసి పాఠం లాక్కొచ్చేవాడు. చివరి ప్రాజెక్టుకు ఎవరి ఊరి పొలాలను వాళ్లే పటం గీయండి అన్నది ఆయనే. పక్క దేశం పటం కాపీ కొట్టి ఇచ్చేకంటే అదే నయమన్నాడు. మాట మంచిదే.

తులసి ఫోను పట్టుకుని చేను చేను గట్టు తిరిగింది. ముందు పిచ్చయ్య కంప నరుక్కుంటూ నడిచేవాడు. ఒక్కో మూల దగ్గర ఆగి, ఇది ఫలానావాళ్ల గట్టు, ఆ తుమ్మచెట్టు దాకా వీళ్లది అని చెబితే ఆమె చుక్క పెట్టేది. ఎవరన్నా అడ్డమొచ్చి ఏంది కొలతలంటే, మా పిల్ల పరీక్ష రాస్తాంది, నీ చేను వేయకపోతే ఊరి పటంలో నువ్వుండవు, ఆలోచించుకో అని బెదిరించేవాడు. ఆ బెదిరింపుకు అందరూ దారిచ్చారు.

పటం కుదిరింది. ప్రతి చేనుకూ దాని ఆకారం వచ్చింది. దాని వెనక వివరాల పట్టీ ఒకటి ఉంటుంది. ఒక్కో చేనుకు ఒక్కో వరస. నేల రకం, నీటి వసతి, పంట, సాగు చేసేవారి పేరు. అన్నీ నింపుకుంటూ వచ్చి బావిచేను దగ్గర తులసి ఆగిపోయింది. ఆదివారం సారు దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకుపోయి అడిగింది.

"సార్, ఇది వంతు చేను. ఒక ఏడు మా పెదనాయన, ఒక ఏడు మా నాయన. ఇద్దరి పేర్లూ వేయొచ్చా?"

ఆయన తెర వైపు వంగి చూశాడు. "ఈ ఏడు ఎవరు చేస్తాన్నారు?"

"మా నాయన."

"అయితే మీ నాయన పేరు వెయ్యి. పటం ఫొటో లాంటిదమ్మా, తీసిన రోజు ఎట్లుంటే అట్ల. దిద్దేవాడు ఏ ఊరోడో, వాడికి వంతు అంటే ఏం తెలుస్తాది? ఒక గడిలో రెండు పేర్లు చూసి తప్పని మార్కులు కోస్తాడు."

తులసికి మనసొప్పలేదు. కానీ ప్రాజెక్టు పంపే గడువు దగ్గరికొచ్చేసింది. ఆ సాఫ్ట్‌వేరులో ఇంకేదన్నా దారి ఉందేమో వెతికే తీరిక లేదు. బావిచేను వరసలో మల్లయ్య అని, గట్టుచేను వరసలో పిచ్చయ్య అని కొట్టింది. ఇంటికొచ్చి పెదనాయనకు చెప్పింది. దాచలేదు. పిచ్చయ్య పగలబడి నవ్వాడు. కంప్యూటర్లో మీ నాయనను దున్నుకోమను, వచ్చే ఉగాదికి నేలమీద నేనుంటా అన్నాడు. డిప్లొమా ఫస్టు క్లాసులో వచ్చినప్పుడు బొరుగులు, బెల్లం పంచింది కూడా ఆయనే, తన వాకిట్లో కూర్చుని.

అదే ఏడు పొలాల కొత్త సర్వే వాళ్ల ఊరికి వచ్చింది. పైన డ్రోను ఎగిరింది. పిల్లలు దాని వెనక పరిగెత్తారు. కింద పని చూసుకునే కుర్రాడు వరప్రసాదం అనే సర్వేయరు. ఒక్కడి మెడకు ఊళ్లకు ఊళ్లు కట్టారు. ఫలానా అమ్మాయి దగ్గర ఊరి పటం పేర్లతో సహా ఉందని విని, ఇంటికొచ్చి అడిగి పెన్‌డ్రైవులో ఎక్కించుకున్నాడు. నీ పటం లేకపోతే ఈ ఊరు నెల పట్టేదక్కా అన్నాడు. తులసి ఒళ్లంతా పొంగిపోయింది. పొంగదూ మరి? పోస్టులో వచ్చిన చదువు, గేదెలు తోలేవాళ్లు ఎగతాళి చేసిన చదువు, సర్కారు పనికి వచ్చింది.

సరిహద్దులు సరిచూసే రోజు ఎవరి చేన్లో వాళ్లు నిలబడాలని దండోరా వేశారు. పాత రికార్డులో ఆ రెండు చేలూ ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయాలి, బతికున్నవాళ్ల పేర్లు రాయాలి, అదీ పని. ఉగాది దాటాక ఎవరి వంతు చేన్లో వాళ్లు నిలబడటం ఆ అన్నదమ్ములకు ఊపిరి పీల్చినంత అలవాటు. మల్లయ్య పోయి బావిచేన్లో నిలబడ్డాడు. పిచ్చయ్య పోయి గట్టుచేన్లో నిలబడ్డాడు. కాగితం మీద పేరు, చేన్లో మనిషి సరిగ్గా సరిపోయారు. ఇంత చక్కగా కుదిరిన ఊరు చూడలేదని వరప్రసాదం సంబరపడ్డాడు.

సంతకం పెట్టేముందు ఒకసారి చదువుకోమని అతను చెప్పాడు. చెప్పలేదని అనకూడదు. పిచ్చయ్య కాగితాన్ని చేతిలోకి తీసుకోకుండానే అడిగాడు.

"ఇది మా పిల్ల గీసిందేనా?"

"దాని మీదే చేసినాం పెద్దాయనా."

"అయితే పెన్నియ్యి."

పక్కనే ఉంది తులసి. ఆ సంతకాన్ని చూసి గర్వపడింది.

తర్వాత వచ్చిన ఉగాదికి ఏమీ కాలేదు. మల్లయ్య మోటరు వేసి, పార అన్న చేతికిచ్చి గట్టెక్కాడు. పిచ్చయ్య బావిచేన్లో మిరప వేశాడు. మధ్యలో పాస్‌బుక్కులొచ్చాయి. ఒక్కో చేనుకు ఒక్కో పేరు. ఇద్దరూ అట్టలు తిప్పి చూసుకుని పెట్టెల్లో పెట్టుకున్నారు. కాగితం కాగితమే, వంతు వంతే. అట్లాగే సాగిపోయి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని లేదు.

ఆ పై ఏడు బావిచేను మల్లయ్య వంతు. తోటల స్కీము వచ్చింది. ఒక్క పేరు మీద పాస్‌బుక్కు, నీటి వసతి ఉన్నవాళ్లకు బత్తాయి మొక్కలు, డ్రిప్పు పైపులు. ఊళ్లో నీటి వసతి ఉన్న చేలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆఫీసు వాళ్లే ఇంటికొచ్చి మల్లయ్యను అడిగారు. రాఘవమ్మ వద్దనలేదు. మల్లయ్య రెండు రోజులు ఊగిసలాడి సరే అన్నాడు. వానలకు మొక్కలు దిగాయి. అప్పటికి తులసి మార్కాపురంలో ఉద్యోగంలో ఉంది. పొలాలు చేతులు మారినప్పుడు ఆ మార్పులను కంప్యూటరు పటంలో ఎక్కించే ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటరు. బావిచేన్లో పచ్చగా వరసలు కట్టిన మొక్కల ఫొటో నాయన పంపిస్తే ఆమె వెంటనే ఫోను చేసింది. ఉగాదికి ఏం చేస్తావని అడిగింది. చూద్దాంలే అన్నాడు. మిరపను మారకం చేయొచ్చు, కందిని మారకం చేయొచ్చు. కాపుకొచ్చేదాకా ఏళ్లు పట్టే చెట్లను వంతు ఎట్లా మారుస్తారు?

ఆ పండగకు తులసి ఊళ్లోనే ఉంది. తెల్లారేసరికి పిచ్చయ్య కొత్త తుండు భుజాన వేసుకుని బావిచేనికి వచ్చాడు. కాలవ లేదు. నల్ల పైపులు మొక్క మొక్కకూ పాక్కుంటూ పోయాయి. మల్లయ్య మోటరు షెడ్డు దగ్గర నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"మోటరు వెయ్యలేదేంరా?" అన్నాడు పిచ్చయ్య.

"డ్రిప్పు గదన్నా. దానికో టయం ఉంటాది." మల్లయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు. "అన్నా, ఒక నాలుగేళ్లు ఓర్చుకో. చెట్లు పసివి. నీ వంతు యాడికీ పోదు. కాపుకొచ్చినాక పంటలో సగం నీదే."

"పంటలో సగమా? నన్ను కౌలోడి మాదిరి కోరుకు పిలుస్తాండావా?"

"అట్ల కాదన్నా. స్కీము నా పుస్తకం మీద వచ్చింది. నీ పుస్తకం మీద వచ్చుంటే నువ్వు నాటకుందువా?"

పిచ్చయ్య ఆ మొక్కల వైపు చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి.

"నాటుందునేమో," అన్నాడు. తుండు ఇంకో భుజానికి మార్చుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తగువు పడి ఉంటే బాగుండేది. తిట్టుకుని, చొక్కాలు పట్టుకుని, నలుగురినీ పిలిచి పంచాయితీ పెట్టుకుని ఉంటే ఏదో ఒక దారి దొరికేది. అదేమీ లేదు. ఆ రోజు నుంచి పిచ్చయ్య గోడ ఇవతలికి రాలేదు. పెద్దమ్మ కాశమ్మ మాత్రం వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతూ, గోడకు వినపడేటట్టు ఒక్కో మాట వదిలేది. కొందరికి చెట్లు మొలిస్తే కళ్లు మూసుకుపోతాయని, ఇంట్లో పటం పెడితే దేవుడి పటం పెట్టాలి గానీ ఇట్లాంటి పటం కాదని. రాఘవమ్మ తలుపు వేసుకునేది.

తులసి ఆఫీసులో ఊరుకోలేదు. ఆ సాఫ్ట్‌వేరులో, ఆ ఫారాల్లో, ఆ జీవోల్లో ఏముందో తవ్వింది. తవ్వితే తేలింది. ఉమ్మడి హక్కుదారులు అనే గడి ఉంది. మొదటి నుంచీ ఉంది. వంతుకు గడి లేకపోవచ్చు గానీ, రెండు చేలూ ఇద్దరి పేర్ల మీదా రాసే దారి ఉంది. కాశీవిశ్వనాథం సారుకు తెలియదు. వరప్రసాదానికి తెలిసినా, చక్కగా సరిపోయిన ఊర్లో చిక్కు ఎందుకు వెతుకుతాడు? తనకు తెలిసి ఉండాల్సింది. గడువు ముంచుకొచ్చిందని వెతకలేదు. డిప్లొమా పుచ్చుకుంది, ఉద్యోగం పుచ్చుకుంది, ఆ ఒక్క గడిని వెతకలేదు. ఈ మాట ఆమె తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో ఆమెకే తెలియదు.

సెలవు పెట్టి ఊరికొచ్చి ముందు పెదనాయన ఇంటికే పోయింది. గుమ్మంలో కాశమ్మ ఎదురొచ్చి, పటాలమ్మ వచ్చినాదయ్యా, లేచి సంతకం పెట్టు అంది. తులసి తలవంచుకుని లోపలికి పోయింది. పిచ్చయ్య మంచం మీద కూర్చుని కందికాయలు వలుస్తున్నాడు. ఆ ఏడు గట్టుచేన్లో వచ్చిన పంటంతా ఆ మంచం మీదే ఉంది.

ఉమ్మడి గడి సంగతి ఆమె చెప్పింది. ఇద్దరూ కలిసి ఆఫీసుకొచ్చి సంతకాలు పెడితే చాలని, మిగతాదంతా తాను చూసుకుంటానని చెప్పింది.

పిచ్చయ్య కాయ వలవడం ఆపలేదు. "మీ నాయన పంపినాడా?"

"లేదు. నువ్వు ఊఁ అంటే ఆయనను నేను ఒప్పిస్తా."

"ఒప్పించుకుని తీసుకునేదాన్ని వంతు అనరమ్మా. బిచ్చం అంటారు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం అడగాలని వచ్చిందో అది కాకుండా, ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నది బయటికొచ్చింది. "నీకు చదవడం వచ్చు గదా పెదనాయనా. ఆరోజు చదవకుండా ఎందుకు సంతకం పెట్టినావు?"

"నువ్వు రాసినావు గదా," అన్నాడు ఆయన. కోపం లేదు. దెప్పిపొడుపూ లేదు. పొద్దు ఎటు పొడుస్తుందో చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు రాసినాక నేను చదివేదేంది అనుకున్నా."

కాశమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చి తులసి చేతికిచ్చి, తాగి పోమ్మా, ఎండన వచ్చినావు అంది.

నాయన దగ్గర ఆ మాటే ఎత్తితే చెట్లు కాపుకు రానీ అన్నాడు. ఉమ్మడి చేస్తే స్కీము వెనక్కి పోతుందేమోనని భయం. అన్న వచ్చి అడిగితే ఆలోచిస్తానన్నాడు. అన్న అడగడు. తమ్ముడు పిలవడు. మధ్యలో తులసి మార్కాపురం బస్సు ఎక్కి దిగుతూ ఉంది. రాఘవమ్మ ఒక్కతే ఒక మాట నిజం చెప్పింది. మీ నాయన చెట్లను చూసి నిద్రపోతన్నాడనుకుంటన్నావేమో, ఆయన అన్నం కూడా గోడ వైపు తిరిగి తినటం లేదు అంది.

ఆ వానాకాలం గట్టుచేను ఎండింది. విత్తనం మొలిచి, రెండాకులు వేసి, అక్కడే ఆగిపోయింది. బావిచేన్లో పడే వంతు ఉంటే ఎండిన ఏడును పండిన ఏడు మోసుకుపోయేది. ఆ లెక్కతోనే ఇన్నేళ్లు బతికారు. ఇప్పుడు ఎండిన ఏడు తర్వాత ఎండిన ఏడే. త్రిపురాంతకంలో కాపురమున్న పిచ్చయ్య కూతురు అన్నపూర్ణ వచ్చి, ఇంక చాలు నాయనా, మాతో రండి అని ఏడ్చి పోయిందని ఊళ్లో చెప్పుకున్నారు.

కార్తీకంలో ఒక సోమవారం తులసి ముందుకు సుద్దకుంట ఫైలు వచ్చింది. అమ్మకం మార్పు. గట్టుచేను. అమ్మినవారు పిచ్చయ్య, కొన్నవారు గిద్దలూరులో వ్యాపారం చేసుకునే పుల్లారావు. ఉమ్మడిగా, వంతుగా ఉన్న భూమిని కొనడానికి ఎవడూ రాడు. ఒక్క పేరుతో కొలతలన్నీ కచ్చితంగా ఉన్న భూమికి కొనేవాడు బండేసుకుని వస్తాడు. ఆ కచ్చితమైన కొలతలు ఎవరివో చెప్పక్కర్లేదు.

దస్తావేజు నకలు ఆమె మొత్తం చదివింది. మధ్యలో రాసేవాడు ఎప్పుడూ రాసే వాక్యం ఒకటుంది. మా తండ్రిగారి ఆస్తిని అన్నదమ్ములం ఇష్టపూర్వకంగా పంచుకోగా నా వాటాకు వచ్చిన భూమి ఇది, వేరే ఆస్తిలో నాకు ఏ హక్కూ లేదు అని. ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ అనని మాట. కింద పెదనాయన సంతకం. ఈసారి చదివే పెట్టి ఉంటాడు.

ఫైలు పట్టుకుని పై అధికారి దగ్గరికి పోయింది. ఇది పంపకం కాలేదని, వంతు అని, ఆపాలని చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. అభ్యంతరం చెప్పాలంటే హక్కుదారు చెప్పాలన్నాడు. మీ నాయనకు గట్టుచేన్లో హక్కు ఉన్నట్టు రికార్డులో ఎక్కడన్నా ఉందా అని అడిగాడు. రికార్డు తన చేతి పనే. లేదని చెప్పి బయటికొచ్చింది.

మధ్యాహ్నం నాయన ఫోను చేశాడు. గొంతులో చాలా రోజుల తర్వాత హుషారు ఉంది. నిన్న గట్టుచేను పక్కగా పోతూ ఎండిన కందిని చూశానని, రాత్రంతా ఆలోచించానని చెప్పాడు. స్కీము పోతే పోనీ, చెట్లతో సహా అన్న చేతిలో పెట్టేస్తానన్నాడు.

"ఉగాది దాకా ఎందుకు? ఇప్పుడే అన్నను బావిచేన్లోకి దింపుదాం. నువ్వు చెప్పినావే, ఆ ఉమ్మడి కాగితం. రేపు వస్తా. యాడ పెట్టాల్నో చూపియ్యి, సంతకం పెడతా. అన్నను కూడా నేనే పోయి పిలుచుకొస్తా."

"నాయనా, పెదనాయన ఇంట్లో ఉన్నాడా?"

"తాళం వేసుంది. పక్కవాళ్లనడిగితే త్రిపురాంతకం పోయినారు, సామాను కూడా ఎత్తుకపోయినారు అంటన్నారు. అల్లుడి ఇంట్లో ఏదన్నా శుభకార్యమేమో."

తులసి కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయింది. చెప్పడానికి మెత్తని మాట ఏదన్నా ఉందేమో వెతికింది. లేదు.

"గట్టుచేను అమ్మేసినాడు నాయనా. రిజిస్ట్రేషను అయిపోయింది. కాగితం నా దగ్గరికే వచ్చింది."

ఫోనులో ఎక్కడో కోడి అరిచింది. ఎవరిదో బండి పోయింది. మల్లయ్య అడిగాడు.

"మా అన్న నన్ను ఏమన్నా అన్నాడా అందులో?"

"లేదు. ఇష్టంగా పంచుకున్నాం అని రాసినాడు."

"ఇష్టంగానా?"

"ఊఁ."

"అట్ల రాసినాడా. ఇప్పుడు దాన్ని పటంలో మార్చేది ఎవురు?"

"నేనే నాయనా. మన మండలం నాకే ఇచ్చినారు."

"ఇంకెవురి చేతన్నా రాపియ్యరాదా?"

ఆమె పక్క సీటు వైపు చూసింది. అక్కడ కూర్చునే అమ్మాయికి ఇస్తే అర నిమిషంలో చేసేస్తుంది. ఆ అమ్మాయికి సుద్దకుంట అంటే ఒక కోడ్ నంబరు.

"రాపియ్యొచ్చు," అంది తులసి. "వద్దులే నాయనా. నేనే చేస్తా."

మల్లయ్య ఫోను పెట్టేశాడు.

ఆమె వచ్చి సీట్లో కూర్చుంది. తెర మీద సుద్దకుంట తెరుచుకుంది. కుంట, కట్ట, చేలు, తాను ఒక్కో మూల దగ్గర ఆగి పెట్టిన చుక్కలు. గట్టుచేను మీద నొక్కితే దాని వరస వెలిగింది. పిచ్చయ్య అనే పేరును ఒక్కో అక్షరం వెనక్కి చెరిపింది. ఒక్కసారిగా చెరిపే మీట ఉంది, దాన్ని వాడలేదు. కొత్త పేరు కొట్టింది. భద్రపరచమంటావా అని యంత్రం అడిగింది. ఊఁ అంది. గట్టుచేను ఒక్క క్షణం పసుపురంగులో మెరిసి, మిగతా చేలతో కలిసిపోయింది. ఫైలు మూసి పక్కన పెట్టి, కింద ఉన్న ఫైలు తీసింది. అది వేరే ఊరిది.